వాతావరణాన్ని మార్చడం వల్ల మనకు ప్రయోజనమెంత, సైన్యాలకు ఉపయోగమెంత?

సింగ్‌నగర్ వాసి (విజయవాడ) ప్రశ్న:

అందరికీ నమస్కారం. 2024 ఆగస్టు 31న కురిసిన వానకు బుడమేరు పొంగి మా సింగ్‌నగర్ మునిగిపోయిన నాటి నుంచి మా వీధిలో ఒక మాట ఆగకుండా తిరుగుతోంది. అది సహజంగా కురిసిన వాన కాదని, ఎవరో మేఘాల మీద రసాయనాలు చల్లి విజయవాడ నెత్తిన కుమ్మరించారని దాని సారాంశం. ఈ మధ్య అదే మాట వీడియోగా మారి వాట్సాప్‌లో వచ్చింది. మేఘమథనం చేసే విమానాన్నీ, అలాస్కాలో వరుసగా నిలబెట్టిన యాంటెన్నాలనూ, 2025 నాటికి వాతావరణాన్ని గుప్పిట్లోకి తెచ్చుకోవడం గురించి 1996లో అమెరికా వైమానిక దళ అధికారులు రాసిన ఒక పత్రాన్నీ కలిపి చూపించి, చివర్లో మా పైవంతెన దగ్గర నడుము లోతు నీళ్ళలో నడుస్తున్న జనాన్ని చూపించారు. 2022లో గోదావరికి వరద వచ్చినప్పుడు అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు గారు కూడా విదేశీ కుట్ర అనుమానాన్ని బహిరంగంగానే ప్రస్తావించారు కాబట్టి, ఇది చదువురాని వాళ్ళ పుకారు అని కొట్టిపారేయలేకపోతున్నాను.

నేను వాణిజ్యశాస్త్రం చదివినవాణ్ణి. కాబట్టి తెలిసినవారిని అడుగుతున్నాను. వాతావరణాన్ని నిజంగా ఎంతవరకు మార్చగలరు? దానివల్ల కృష్ణా డెల్టాలో ఉన్న మనబోటి వాళ్ళకు ఏమైనా మేలు ఉందా? ఏ దేశ సైన్యమైనా దీన్ని యుద్ధంలో వాడిందా? వాడి ఉంటే, మా మీద కూడా వాడి ఉండవచ్చన్న అనుమానానికి ఆస్కారం ఉందా? దయచేసి ఎగతాళి లేకుండా చెప్పగలరు.

అరండల్‌పేట మాస్టారు (గుంటూరు) సమాధానం:

మీరు అడిగిన తీరు బాగుందండీ. ముందు భౌతికశాస్త్రం వరకు నేను చెబుతాను, సైన్యం సంగతి మన వేదికలో ఉన్న మాజీ వైమానికులు చెబితే బాగుంటుంది.

మేఘంలో ఉండే నీటి బిందువులు చాలా చిన్నవి. ఒక వాన చినుకు తయారుకావాలంటే అలాంటివి దాదాపు పది లక్షలు కలవాలి. అవి కలవడానికి ప్రకృతిలో రెండు దారులు ఉన్నాయి. మేఘం ఎత్తుకు పెరిగి సున్నా డిగ్రీల కంటే చల్లబడినా అందులోని నీరు వెంటనే గడ్డకట్టదు, మైనస్ పది, పదిహేను డిగ్రీల దగ్గర కూడా ద్రవంగానే మిగిలి ఉండగలదు. అలాంటి చోట మంచు స్ఫటికం ఒకటి ఏర్పడితే చుట్టుపక్కల ఆవిరినంతా లాక్కుని పెరుగుతుంది, కింద పడుతూ కరిగి చినుకవుతుంది. 1946 నవంబరులో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధకుడు విన్సెంట్ షేఫర్ విమానం నుంచి డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) ముక్కలు చల్లి మేఘంలో మంచు స్ఫటికాలను పుట్టించాడు. అదే నెలలో అదే సంస్థలోని బెర్నార్డ్ వానెగట్, సిల్వర్ అయోడైడ్ స్ఫటిక నిర్మాణం మంచును పోలి ఉంటుంది కాబట్టి అదీ ఇదే పని చేస్తుందని కనుగొన్నాడు. రెండో దారి వెచ్చని మేఘాలది. అక్కడ మంచుతో పని లేదు. తేమను పీల్చే ఉప్పు రేణువులు పెద్ద బిందువులుగా మారి, చిన్నవాటిని తమలో కలుపుకుంటూ దిగుతాయి. మన దక్కనులో చేసే మేఘమథనంలో రెండో దారికే ప్రాధాన్యం ఎక్కువ.

ఈ రెండు దారుల్లోనూ మనిషి చేసేది రేణువును అందించడం మాత్రమే. నీరు, పైకి లేచే గాలి, ఆవిరి నీరుగా మారినప్పుడు వెలువడే వేడి అన్నీ మేఘం సొంతమే. ఆ వేడి ఎంతో ఒకసారి లెక్క కట్టి చూడండి. వంద చదరపు కిలోమీటర్ల మీద ఒక సెంటీమీటరు వాన అంటే పది లక్షల టన్నుల నీరు. అంత ఆవిరి నీరుగా మారేటప్పుడు విడుదలయ్యే శక్తి సుమారు 69 కోట్ల యూనిట్ల విద్యుత్తుకు సమానం. ఇబ్రహీంపట్నంలోని మన థర్మల్ కేంద్రం మొత్తం సామర్థ్యం 2,560 మెగావాట్లు. అది ఒక్క నిమిషం ఆగకుండా పూర్తి సామర్థ్యంతో పదకొండు రోజులు నడిస్తే గాని అంత శక్తి ఉత్పత్తి కాదు. అదీ ఒక్క సెంటీమీటరు వానకు. మీరు చూసిన వాన అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ, విస్తీర్ణం కూడా ఎన్నో రెట్లు ఎక్కువ. అంత శక్తిని ఏ విమానమూ మోసుకురాదు, ఏ యాంటెన్నా పంపదు. సిద్ధంగా ఉన్న మేఘాన్ని కొంచెం తొందరపెట్టవచ్చు, లేని మేఘాన్ని తేవడం మాత్రం ఎవరి తరమూ కాదు. 2025 అక్టోబరు చివర్లో ఢిల్లీలో కాలుష్యం తగ్గించేందుకు ఐఐటీ కాన్పూర్ వారు మేఘమథనం చేసినా చెప్పుకోదగ్గ వాన పడకపోవడానికి కారణం ఇదే. ఆ రోజు మేఘాల్లో తేమ చాలా తక్కువగా ఉంది.

ఇక యాంటెన్నాల సంగతి. వీడియోలో చూపించినవి అలాస్కాలోని గకోనా దగ్గర ఉన్న హార్ప్ కేంద్రానివి. 180 యాంటెన్నాలతో 3.6 మెగావాట్ల రేడియో తరంగాలను అయనోస్ఫియర్‌లోకి పంపి, అక్కడ ఏం జరుగుతుందో చూస్తారు. ఆ పొర భూమికి 80 కిలోమీటర్లకు పైన మొదలవుతుంది. మనకు వాన కురిపించే మేఘాలు పదిహేను, పదహారు కిలోమీటర్ల లోపే ఉంటాయి. ఆ తరంగాలను మేఘాలు ఉండే పొర దాదాపుగా పీల్చుకోదు కాబట్టి, అవి దాన్ని తాకకుండానే దాటిపోతాయి. మొదట అమెరికా సైన్యం డబ్బుతో నడిచిన మాట నిజమే గాని, 2015లో దాన్ని అలాస్కా విశ్వవిద్యాలయానికి అప్పగించారు.

మన ఊళ్ళకు మేలు ఉందా అన్నారు. నేను ముందుగా చెప్పగలిగేది గన్నవరం సంగతి. చలికాలం ఉదయాల్లో పొగమంచు కమ్మి విమానాలు ఆలస్యమవుతాయి, గాల్లో చక్కర్లు కొట్టి వెనక్కి మళ్ళుతాయి. చల్లని దేశాల్లో పొగమంచు సున్నా డిగ్రీల కంటే తక్కువ ఉష్ణోగ్రతలో ఉంటుంది కాబట్టి, డ్రై ఐస్ చల్లితే అది మంచు స్ఫటికాలుగా రాలిపోయి రన్‌వే కనిపిస్తుంది. వాతావరణాన్ని మార్చే ప్రయత్నాలన్నిటిలోనూ నిస్సందేహంగా పనిచేసేది ఇదొక్కటే అంటే తప్పు లేదు. అయితే మన పొగమంచు పదిహేను డిగ్రీల పైన ఉంటుంది. దానిమీద ఆ మందు పనిచేయదు. వేడి చేసి ఆవిరి చేయాలి, లేదా ఎండ వచ్చే దాకా ఆగాలి.

మాజీ వైమానికుడు (పొన్నూరు రోడ్డు, గుంటూరు) సమాధానం:

మాస్టారు పొగమంచును వేడి చేయడం దగ్గర ఆపారు కాబట్టి నేను అక్కడి నుంచే అందుకుంటాను. సైన్యాలు వాతావరణాన్ని నిజంగా మార్చి లాభం పొందిన సందర్భం అదే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ మీద బాంబులు వేసి తిరిగి వచ్చే బ్రిటిష్ విమానాలు ఇంధనం అయిపోవస్తుండగా పొగమంచులో దిగలేక కూలిపోయేవి. అందుకని రన్‌వేకి రెండు వైపులా రంధ్రాలున్న గొట్టాలు పరచి, వాటిలో పెట్రోలు పంపి మండించారు. ఆ మంటల వేడికి పొగమంచు ఆవిరై, విమానం దిగడానికి చాలినంత దారి తెరుచుకునేది. దీన్ని ఫైడో అనేవారు. 1943 నుంచి యుద్ధం ముగిసేదాకా సుమారు 2,500 విమానాలు ఈ మంటల మధ్య దిగాయి. ఖర్చు మాత్రం భయంకరం, ఒక్కో చోట గంటకు లక్ష గ్యాలన్ల దాకా పెట్రోలు కాలేది. యుద్ధం ముగిశాక ఎవరూ ఆ జోలికి పెద్దగా పోలేదు, ఎందుకంటే పొగమంచులోనే విమానాన్ని దింపగల రేడియో పరికరాలు వచ్చేశాయి. నా ఉద్దేశంలో ఈ కథలోనే సైనిక కోణం సగం ఉంది. వాతావరణాన్ని మార్చే పని దొరికిన ప్రతిచోటా, వాతావరణానికి తట్టుకునే పని చవకగా తేలింది.

రెండో సగం వియత్నాంలో ఉంది. ఉత్తర వియత్నాం నుంచి లావోస్ అడవుల గుండా దక్షిణానికి ఆయుధాలు తరలే హో చి మిన్ బాటను బాంబులతో మూయలేక, బురదతో మూద్దామని అమెరికా ఆలోచించింది. 1966లో లావోస్‌లో పరీక్షించి, 1967 మార్చి 20 నుంచి 1972 జూలై 5 దాకా ప్రతి వానాకాలంలోనూ మేఘాల్లో సిల్వర్ అయోడైడ్, లెడ్ అయోడైడ్ కాల్చే గొట్టాలను వదిలారు. థాయ్‌లాండ్‌లోని ఉడోర్న్ స్థావరం నుంచి వాతావరణ పరిశీలనకు వాడే సీ-130 రకం విమానాలు, ఎఫ్-4 రకం విమానాలు ఎగిరేవి. మొత్తం 2,602 సార్లు ఎగిరి, 47,409 గొట్టాలు వదిలినట్టు తరువాత సెనేట్ ముందు లెక్క చెప్పారు. దీనికి పెట్టిన పేరు ఆపరేషన్ పొపాయ్. లక్ష్యం చాలా సాదాసీదాది: వానాకాలాన్ని నెల, నెలన్నర పొడిగించడం, మట్టి రోడ్ల మీద లారీలు దిగబడేలా చేయడం, వాగుల దాటుడు తెగిపోయేలా చూడటం.

ఫలితం ఏమిటి? కొన్ని పరిమిత ప్రాంతాల్లో వాన ముప్పై శాతం దాకా పెరిగి ఉండవచ్చని అమెరికా రక్షణ గూఢచారి విభాగం అంచనా వేసింది. ఆ అంచనా కూడా గట్టి కొలతల మీద నిలిచింది కాదు. రుతుపవనాలు ఉన్న దేశంలో వానాకాలంలో ఎక్కువ వాన పడితే, అందులో దేవుడి వాటా ఎంత, విమానం వాటా ఎంత అని ఎలా తేలుస్తారు? లారీలు మాత్రం ఆగలేదు. అయితే ఈ తేల్చలేకపోవడమే దాని ఆకర్షణ కూడా. తమ మీద దాడి జరిగిందని ఎదుటివాడికి తెలియదు, తెలిసినా నిరూపించలేడు. 1971లో జాక్ ఆండర్సన్ అనే విలేకరి, 1972 జూలైలో న్యూయార్క్ టైమ్స్‌లో సేమూర్ హెర్ష్ బయటపెట్టకపోయి ఉంటే లోకానికి తెలిసేదే కాదు. సెనేటర్ క్లెయిబోర్న్ పెల్ పట్టుబట్టి 1974లో రక్షణ శాఖ అధికారుల చేత రహస్య సమావేశంలో చెప్పించాడు.

మనకు సంబంధించిన ఒక ముక్క కూడా ఉంది, దీన్ని ఇక్కడ చాలామంది విని ఉండరు. 1967లో బీహారు, తూర్పు ఉత్తరప్రదేశ్ కరువుతో అల్లాడుతున్నప్పుడు, వియత్నాంలో వాడుతున్న ఆ పద్ధతినే అమెరికా సైనిక బృందం మన ప్రభుత్వ అంగీకారంతోనే, గుట్టుగా మన ఆకాశంలో ప్రయత్నించింది. దాని పేరు గ్రోమెట్. తగిన మేఘాలే దొరకక అది విఫలమైంది. అంటే వీడియో వాళ్ళు చెప్పిన "విదేశీ సైన్యం మన మేఘాల మీద రసాయనం చల్లింది" అన్నది ఒకసారి నిజంగానే జరిగింది. కాకపోతే జరిగింది వరద తేవడానికి కాదు, కరువు తీర్చడానికి. చివరికి ఆ కరువూ తీరలేదు.

1996 నాటి పత్రం విషయం. అది అధికారులు భవిష్యత్తును ఊహించి రాసిన అధ్యయన వ్యాసం, అమెరికా ప్రభుత్వ విధానం కాదని దాని మొదటి పుటలోనే రాసి ఉంది. పొగమంచును తొలగించడం, శత్రువు మీద మంచు కమ్మించడం, వానను పెంచడం లేదా ఆపడం, రేడియో సంబంధాలను చెడగొట్టడం వంటి కోరికల పట్టిక అందులో ఉంది. సైనిక కళాశాలల్లో ఇలాంటివి రాయడం మామూలే. ఆ వ్యాసంలో చెప్పిన 2025 కూడా వచ్చింది, వెళ్ళిపోయింది.

ప్రత్తిపాడు రైతు:

పెద్దలు చెప్పింది చదివాను. మాది మిరప సాగు. వాన కురిపించడం కంటే వాన ఆపడం మాకు ఎక్కువ అవసరం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కాయ కల్లాల్లో ఆరుతూ ఉంటుంది. ఆ రోజుల్లో సాయంత్రం పూట ఒక్క అరగంట వాన పడితే కాయ రంగు పోతుంది, మచ్చ పడుతుంది, యార్డుకు తీసుకెళ్తే తాలు కింద కట్టి సగం ధర కూడా ఇవ్వరు. చైనా వాళ్ళు ఒలింపిక్స్ రోజున వాన పడకుండా ఆపారని విన్నాను. మన ప్రభుత్వం గుంటూరు మిర్చికి అలాంటి పని చేయలేదా? ఇంతకు ముందు ఉమ్మడి రాష్ట్రంలో రాయలసీమలో మేఘమథనం చేశారు కదా, అప్పుడు ఏం తేలింది? మా నాన్నగారు మాత్రం మబ్బులో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకున్నట్టు ఉందని అప్పట్లోనే అన్నారు.

అరండల్‌పేట మాస్టారు:

మీ నాన్నగారి మాటలో బరువు ఉందండీ. 2000 దశకంలో రాయలసీమ మీద చేసిన మేఘమథనానికి ఉన్న పెద్ద లోపం ఏమిటంటే, పోల్చడానికి వీలుగా దాన్ని చేయలేదు. మేఘం కనిపించిన చోటల్లా చల్లి, వాన పడితే అది మా ఘనతే అంటే లెక్క తేలదు. కొన్ని మేఘాలపై చల్లి, అలాంటివే మరి కొన్నింటిని ఊరికే వదిలి, ఏవి చల్లాలో చీటీ వేసి తేల్చి, ఏళ్ళ తరబడి రెండింటినీ కొలవాలి. మన దేశంలో అలా చేసినవి తక్కువ. మహారాష్ట్రలోని బారామతి ప్రాంతంలో 1973 నుంచి 1986 మధ్య కొన్ని వానాకాలాల్లో వెచ్చని మేఘాలపై ఉప్పు చల్లి చూసినప్పుడు 24 శాతం పెరుగుదల కనిపించింది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వారు 2018, 2019లో షోలాపూర్ దగ్గర ఇంకా మెరుగైన పరికరాలతో 276 మేఘాలను పరిశీలించారు. గాలి వెళ్ళే దిశలో సుమారు వంద చదరపు కిలోమీటర్ల మీద సగటున 18 శాతం ఎక్కువ వాన తేలింది. లీటరుకు ఖర్చు 18 పైసలు. ట్యాంకరు నీళ్ళు కొనే ఊరికి ఇది చవక.

మొత్తం మీద అదనంగా దొరికిన నీరు సుమారు 86.7 కోట్ల లీటర్లని వాళ్ళు ప్రకటించారు. వినడానికి పెద్ద అంకే, కాని మన నదితో పోల్చి చూడండి. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో వచ్చిన వరద 11.43 లక్షల క్యూసెక్కులు. ఆ ప్రవాహంలో 86.7 కోట్ల లీటర్లు బ్యారేజీ దాటడానికి అర నిమిషం కూడా పట్టదు. రెండు వానాకాలాల పాటు శాస్త్రవేత్తలు విమానాలతో శ్రమించి తెచ్చిన నీరు అది. సింగ్‌నగర్ వారు అడిగిన అసలు ప్రశ్నకు నా దృష్టిలో ఇంతకంటే సూటి సమాధానం లేదు.

అందరికీ ఆ 18 శాతం కూడా దొరకదు. ఇజ్రాయెల్ దశాబ్దాలుగా మేఘమథనాన్ని నమ్ముకున్న దేశం. అక్కడే 2013 నుంచి 2020 దాకా చీటీ వేసి చేసిన ప్రయోగంలో పెరుగుదల 1.8 శాతమే అని, అదీ యాదృచ్ఛికం కాదని చెప్పలేమని తేలాక, ప్రభుత్వం కార్యక్రమాన్ని ఆపేసింది. ఇంత నిజాయితీగా ఆపిన ప్రభుత్వాలు అరుదు.

ఇక వాన ఆపడం సంగతి. 2008 ఆగస్టు 8న బీజింగ్ ప్రారంభోత్సవానికి ముందు నగరం చుట్టూ ఉన్న స్థానాల నుంచి సిల్వర్ అయోడైడ్ నింపిన రాకెట్లు 1,100కు పైగా పేల్చారన్నది నిజం. వాన స్టేడియం దాకా రాలేదన్నదీ నిజం. మొదటిది రెండోదానికి కారణమని చూపించే సాక్ష్యం లేదు. వడగండ్లను ఆపడానికి సోవియట్ యూనియన్‌లో రాకెట్లు వాడేవారు. ఆ పద్ధతిని స్విట్జర్లాండులో 1977 నుంచి 1981 దాకా పక్కాగా పరీక్షిస్తే వడగండ్లు తగ్గినట్టు కనబడలేదు. ఆకాశంలోకి శబ్దం పేల్చే ఫిరంగులు అమ్మేవాళ్ళు మన వైపు కూడా వస్తే నమ్మవద్దు, వాటికి శాస్త్రీయ ఆధారం లేదని ప్రపంచ వాతావరణ సంస్థ స్పష్టంగా చెప్పింది. మీ కల్లానికి టార్పాలిన్ పట్టలు, రెండు రోజుల ముందు వచ్చే వాన హెచ్చరిక, ఈ రెండూ ఆ డబ్బుకు ఎక్కువ రక్షణ ఇస్తాయి.

గవర్నర్‌పేట విద్యార్థి (విజయవాడ):

నేను పోటీ పరీక్షలకు చదువుతున్నాను. మీ ఇద్దరి వాదనలో నాకు ఒక చిక్కు కనిపిస్తోంది. పనిచేయని ఆయుధాన్ని నిషేధించడానికి ఐక్యరాజ్యసమితి ఒక ఒప్పందం ఎందుకు చేసింది? 1976 డిసెంబరు 10న సర్వసభ్య సభ ఆమోదించి, 1978 అక్టోబరు 5న అమలులోకి వచ్చిన, వాతావరణాన్ని ఆయుధంగా వాడరాదనే ఎన్‌మాడ్ ఒప్పందం పాఠ్యాంశంలో ఉంది. మన దేశమూ 1978లోనే అందులో చేరింది. రెండోది, చైనా 2020 డిసెంబరులో తన మేఘమథన కార్యక్రమాన్ని 2025 నాటికి 55 లక్షల చదరపు కిలోమీటర్లకు విస్తరిస్తానని ప్రకటించింది. అది మన దేశ వైశాల్యం కంటే ఎక్కువ. టిబెట్ పీఠభూమి మీద సిల్వర్ అయోడైడ్ కాల్చే పొయ్యిలు వేల సంఖ్యలో పెట్టే ఆలోచన కూడా వార్తల్లో వచ్చింది. అంతా వృథా అయితే అంత డబ్బు ఎందుకు పెడతారు?

మాజీ వైమానికుడు:

మంచి ప్రశ్న నాయనా. రెండో దానికి ముందు సమాధానం చెబుతాను. ఫలితం తేలకుండానే ప్రభుత్వాలు డబ్బు పెట్టడం చైనాతో మొదలు కాలేదు, చైనాతో ఆగదు. కరువు వచ్చినప్పుడు ఏదో ఒకటి చేస్తున్నట్టు కనబడటం ఏ ప్రభుత్వానికైనా అవసరం, ఆకాశంలో ఎగిరే విమానం అందరికీ కనబడుతుంది. టిబెట్ పొయ్యిల ఆలోచనను చైనా శాస్త్రవేత్తలే కొందరు తప్పుపట్టారు. బ్రహ్మపుత్ర విషయంలో మనం ఆందోళన పడవలసింది ఆనకట్టల గురించి. ఆనకట్ట నీటిని ఆపగలదని, ఒక్కసారిగా వదలగలదని నిరూపించనక్కర లేదు.

ఒప్పందం విషయం కొంచెం లోతైనది. అది ఆయుధం బలం చూసి చేసింది కాదు, పొపాయ్ బయటపడ్డ సిగ్గు నుంచి పుట్టింది. అమెరికా సెనేట్ 1973లోనే నిషేధం కోరుతూ తీర్మానం చేసింది, 1974లో నిక్సన్, బ్రెజ్నెవ్ చర్చలకు ఒప్పుకున్నారు. తమకు పెద్దగా పనికిరాని దాన్ని వదులుకోవడం రెండు అగ్రరాజ్యాలకూ సులభమైన పని. అణ్వాయుధాల మీద అంత తొందరగా ఒప్పందం కుదిరిందా? దాని భాష కూడా చదివి చూడు. "విస్తృతమైన, దీర్ఘకాలికమైన లేదా తీవ్రమైన" ప్రభావం ఉన్న మార్పును శత్రుభావంతో చేయరాదని అంటుంది. విస్తృతం అంటే కొన్ని వందల చదరపు కిలోమీటర్లు, దీర్ఘకాలికం అంటే కొన్ని నెలలు లేదా ఒక రుతువు అని చర్చల్లో అనుకున్నారు. ఈ మూడింటిలో దేనికీ అందని చిన్న ప్రయోగాన్ని అది నిషేధించడం లేదు. శాంతియుత ప్రయోజనాలకు చేసే దాన్నైతే ప్రోత్సహిస్తుంది కూడా. ఎవరైనా ఉల్లంఘించారని అనుమానం వస్తే భద్రతామండలికి ఫిర్యాదు చేయాలి, సాక్ష్యం చూపాలి. సాక్ష్యం దొరకని నేరానికి ఆ ఏర్పాటు ఎంతవరకు పనికొస్తుందో నువ్వే ఆలోచించు.

ఇందులో నాకు భయం కలిగించేది మరొకటి ఉంది. 1947 అక్టోబరులో అమెరికా సైన్యం, జనరల్ ఎలక్ట్రిక్ కలిసి ప్రాజెక్ట్ సిర్రస్ పేరుతో ఫ్లోరిడా దాటి అట్లాంటిక్‌లోకి వెళ్ళిపోతున్న ఒక హరికేన్‌పై సుమారు 80 కిలోల డ్రై ఐస్ చల్లారు. ఆ తుపాను దిశ మార్చుకుని వెనక్కి తిరిగి జార్జియాలోని సవానా మీద పడింది. జనం మండిపడ్డారు. చల్లక ముందే అది మలుపు తిరగడం మొదలైందని తరువాత పరిశీలనలో తేలింది గాని, నోబెల్ గ్రహీత అయిన ఇర్వింగ్ లాంగ్‌ముయిరే తమ ప్రయోగమే దాన్ని తిప్పిందని చెప్పుకుంటూ ఉండటంతో నింద పోలేదు. ఆ తరువాత 1962 నుంచి 1983 దాకా స్టార్మ్‌ఫ్యూరీ పేరుతో తుపానుల బలం తగ్గించే ప్రయత్నం జరిగింది. 1969లో డెబీ అనే హరికేన్‌లో గాలి వేగం ఒక రోజు 31 శాతం తగ్గితే అందరూ సంబరపడ్డారు. ఎవరూ చేయి పెట్టని తుపానుల్లో కూడా కంటిగోడ (తుపాను కన్ను చుట్టూ ఉండే మేఘాల వలయం) తనంతట తాను మారుతూ గాలులు అలా తగ్గుతాయని తరువాత అర్థమైంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన చూసిన తరానికి ఆ ప్రయోగం ఎంత ఆశ కలిగించి ఉంటుందో ఊహించగలను. కాని బంగాళాఖాతంలో అలాంటి పని మనం చేస్తే, ఆ తుపాను రేపు బంగ్లాదేశ్ మీదకో మయన్మార్ మీదకో తిరిగితే, మనమే తిప్పామని వాళ్ళు అంటారు. కాదని మనం నిరూపించలేము. వేయని తూటాకు యుద్ధం వచ్చే ప్రమాదం అది. నేను రక్షణ శాఖలో ఉంటే ఒక్క రూపాయి కూడా అందులో పెట్టనివ్వను. 1944 జూన్ 5న జరగవలసిన నార్మండీ దండయాత్రను ఒక్క రోజు వాయిదా వేయించింది వాతావరణ సూచన. సైన్యానికి వాతావరణం నుంచి దొరికే అసలు లాభం అక్కడ ఉంది.

సింగ్‌నగర్ వాసి:

అందరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. నిరూపించలేరు అంటున్నారు కాబట్టే అడుగుతున్నాను. నిరూపించలేనిది జరగలేదని కూడా చెప్పలేం కదా అని మా పక్కింటాయన అడుగుతున్నారు. మా మీద పడిన వాన విషయంలో అయినా గట్టిగా ఏమైనా చెప్పగలమా?

అరండల్‌పేట మాస్టారు:

చెప్పగలమండీ. నిరూపించలేనిది చిన్న మార్పును. పదిలో ఒక వంతో రెండు వంతులో పెరిగిందా లేదా అన్నదే తేలదు. పదింతలు పెరిగిందా అన్నది తేలనిది కాదు.

2017 జనవరిలో అమెరికాలోని ఐడహో కొండల మీద శాస్త్రవేత్తలు చల్లిన సిల్వర్ అయోడైడ్ ప్రభావాన్ని మొదటిసారి రాడార్‌లో స్పష్టంగా చూశారు. విమానం గాలికి అడ్డంగా అటూ ఇటూ తిరిగిన దారి ఎలా ఉందో, కాసేపటికి మంచు కురిసే పట్టీ కూడా అచ్చం అలాగే వంకర టింకరగా కనిపించింది. కొద్ది గంటల్లో ఆ పట్టీ మాయమైంది. మనిషి చేసిన పని రాడార్ తెర మీద అలా సన్నని గీతలా ఉంటుంది.

2024 ఆగస్టు 31 నాటి వాన అలాంటిది కాదు. బంగాళాఖాతంలో ఏర్పడిన వాయుగుండం రోజుల ముందు నుంచే వాతావరణ శాఖ సూచనల్లో ఉంది. అది సెప్టెంబరు 1 తెల్లవారుజామున కళింగపట్నం దగ్గర తీరం దాటింది. దాని మేఘాలు విజయవాడతో పాటు గుంటూరు, ఖమ్మం, మహబూబాబాద్ దాకా వందల కిలోమీటర్లు పరుచుకున్నాయి. ఆ రోజు ఖమ్మంలో మున్నేరు పొంగింది కూడా అదే వానకు. ఒక ఊరి మీద గురి పెట్టి కురిపించినది పక్క రాష్ట్రంలో రైల్వే పట్టాల కింద మట్టిని కోసుకుపోదు. మచిలీపట్నంలో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉంది. మీ పక్కింటాయన ఇకపై వాయుగుండం వచ్చినప్పుడల్లా వాతావరణ శాఖ వెబ్‌సైటులో దాని బొమ్మలు చూస్తూ ఉంటే ఆ తేడా ఆయనకే తెలుస్తుంది.

ఇంకొక సంగతి. సింగ్‌నగర్‌లో నిలిచిన నీరు మీ ఇంటి మీద కురిసిన వాన ఒక్కటే కాదు. మైలవరం వైపు కొండల్లో పడిన వాన బుడమేరులోకి దిగి, మళ్ళింపు కాలువ కట్టకు పడిన గండ్ల గుండా మీ మీదకు వచ్చింది. వాటిని పూడ్చడానికి సైన్యం ఇంజనీర్లు రాళ్ళు నింపిన ఇనుప వలల పెట్టెలు పేర్చవలసి వచ్చింది. కట్ట ఎత్తు, కాలువ వెడల్పు, కొల్లేరు దాకా నీరు పోయే దారిలో లేచిన కట్టడాలు, ఇవన్నీ సమాచార హక్కు కింద అడిగి తెలుసుకోదగ్గ విషయాలు. మీ వీధి వాళ్ళు దరఖాస్తు రాస్తామంటే నేను చూసి పెడతాను.